వంటలక్కకు ఏ నాలుగు అక్షరాలు?

2019 వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చి ఆరు నెలలు ఉంది. ఆ ఆరు నెలలూ ఉదయం 10 గంటలకి మా ఇంటికి ఎవరూ ఫోన్ చెయ్యకూడదు, ఎవరూ తలుపు కొట్టకూడదు. అక్కడ స్టార్ మాలో రాత్రి 7:30కి వచ్చే ‘కార్తీక దీపం’ మా న్యూజెర్సీలో సరిగ్గా ఆ వేళకి. నవంబరులో గడియారాలు గంట వెనక్కి జరిపాక అది 9 అయింది. వీళ్లు గడియారాలు ఎందుకు మారుస్తారో అమ్మకి ఎంత చెప్పినా అర్థం కాలేదు గానీ, వంటలక్క గంట ముందే వస్తోందని మాత్రం సంతోషించింది.

నేను ఆ సీరియల్ చూడనని మొదటి వారం గట్టిగా చెప్పాను. రెండో వారం కూరగాయలు తరుగుతూ వంటింట్లోంచి విన్నాను. మూడో వారానికి కత్తిపీట, చిక్కుడుకాయలు, నేను, అందరం సోఫా దగ్గరికి చేరిపోయాం. చూస్తున్నందుకు ఏదో ఒక సాకు కావాలి కదా! నా సాకు ఏమిటంటే, పాత్రలకి ‘టైపు’ కట్టడం. అంతకుముందు చలికాలంలో మావారి ఆఫీసులో టీమ్ అందరి చేతా ఒక పర్సనాలిటీ టెస్ట్ రాయించారు. ఆయన అలాంటిదే ఒకటి ఇంటర్‌నెట్‌లో చూపిస్తే నేనూ రాశాను. చివర్లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి: ఐఎస్‌ఎఫ్‌జె. నాది అయిపోయాక మా అత్తగారిది, తోడికోడలిది, పక్కింటి గుజరాతీ ఆవిడది కూడా ఊహించేశాను. ఇక మిగిలింది వంటలక్క.

మీలో చాలామందికి ఈ అక్షరాలు తెలిసే ఉంటాయి. ఇక్కడ కాలేజీ పిల్లలు డేటింగ్ యాప్‌ల్లో కూడా రాసుకుంటారట. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈ సిద్ధాంతం మనిషిని నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. మనకి ఊపిరి నలుగురిలో ఉంటే వస్తుందా, ఒంటరిగా ఉంటే వస్తుందా? ఇది ఇ లేదా ఐ. కంటికి కనబడేదాన్ని ముందు పట్టుకుంటామా, దాని వెనకాల అర్థాన్ని పట్టుకుంటామా? ఇది ఎస్ లేదా ఎన్. నిర్ణయం తీసుకునేటప్పుడు తర్కం ముందా, మనుషుల మనసులు ముందా? టి లేదా ఎఫ్. పని ముందే ప్లాన్ వేసుకుని చేస్తామా, వచ్చినదాన్ని వచ్చినట్టు చూసుకుంటామా? జె లేదా పి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో అక్షరం. మొత్తం 16 రకాల మనుషులు.

ఇక సీరియల్ చూడనివాళ్ల కోసం కథ కూడా నాలుగు ముక్కల్లో. దీప నల్లని పిల్ల, రంగు గురించి మాటలు పడుతూ పెరిగింది. డాక్టర్ కార్తీక్ ఆమెని ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. అతన్ని కోరుకున్న స్నేహితురాలు మోనిత, ఆవిడా డాక్టరే, రిపోర్టు తారుమారు చేసి అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. తర్వాత దీప గర్భవతి అవుతుంది. ఇంకేముంది, అనుమానం. దీప ఆ ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ కూతురు శౌర్యని పెంచుకుంటుంది. కవలల్లో రెండో పాప హిమ తన సొంత బిడ్డే అని తెలియకుండానే కార్తీక్ ఆ పాపని పెంచుతాడు. మలయాళం ‘కరుత్తముత్తు’ ఆధారంగా తీసిన ఈ సీరియల్ 2017 అక్టోబరులో మొదలై, 1,500 ఎపిసోడ్లు దాటి, 2023 జనవరిలో ముగిసింది. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ అమ్మాయి. ఆ నల్లరంగు కూడా మేకప్పే.

నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ దీపకి అక్షరాలు కట్టేశాను. డాక్టర్ బాబు ఎదురుపడితే తలొంచుకుంటుంది, కాబట్టి ఐ. వంట, పిల్ల, ఇల్లు, అన్నీ చేతికి తగిలే పనులే, కాబట్టి ఎస్. మనసు మనిషి, కాబట్టి ఎఫ్. తెల్లవారకముందే లేచి పని చక్కబెట్టుకుంటుంది, కాబట్టి జె. అచ్చం నా అక్షరాలే! వర్ణనలో కూడా అదే రాసి ఉంది: సేవాభావం, ఓర్పు, తన అవసరాలు పైకి చెప్పుకోకపోవడం. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. తెలుగుదేశం అంతా కన్నీళ్లు పెట్టుకుంటున్న మనిషీ నేనూ ఒకే రకం!

ఆ గర్వం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అమ్మతో చెప్పాను, “దీప ఇంట్రోవర్ట్ అమ్మా, నాలాగే. మాట్లాడలేదు” అని.

“మాట్లాడలేదా? మొన్న మోనిత మీదికి ఎలా లేచిందో చూడలేదూ? నువ్వు వంటింట్లో ఉన్నట్టున్నావు” అంది అమ్మ.

నిజమే. భర్త దగ్గర నోరు తెరవని దీప, మోనిత దగ్గర నిప్పులు కక్కుతుంది. తన వంట తినేవాళ్లతో గలగలా మాట్లాడుతుంది. పిల్లతో ఆడుతుంది, పాడుతుంది. మరి ఇ వెయ్యాలా, ఐ వెయ్యాలా? మూడో అక్షరం ఇంకా చిక్కు. కన్నీళ్లు పెట్టుకుంటుంది కాబట్టి మనసు మనిషి అనుకున్నాను. కానీ దీప నిర్ణయాలు చూడండి. డబ్బున్న అత్తింటి సాయం చెయ్యి చాచి అడగదు. చెయ్యని తప్పు ఒప్పుకుని కాపురం నిలబెట్టుకుందామనీ అనుకోదు. అందరి మనసులూ చల్లబడాలంటే అదే సులువైన దారి. ఆమె ఆ దారి పట్టలేదు. నిజం నిజమే, అబద్ధం అబద్ధమే అని ఒక సూత్రం పట్టుకుని కూర్చుంది. మనసులకన్నా సూత్రం ముందు పెట్టేవాళ్లకి ఆ సిద్ధాంతం ఇచ్చే అక్షరం టి. ఎఫ్ కాదు.

అటు డాక్టర్ బాబుని చూడండి. చదువుకున్న డాక్టరు, కాబట్టి తర్కం మనిషి, టి అని నేను కళ్లు మూసుకుని వేసేశాను. కానీ ఆయన చేసిందేమిటి? ఒకే ఒక్క రిపోర్టు చూశాడు. ఆ రిపోర్టు ఇంకో ల్యాబ్‌లో చూపించుకోవాలని తట్టలేదు. మనం ఇళ్లల్లో కూర్చుని ఎన్నిసార్లు అరిచి ఉంటాం, “బాబూ, ఆ పరీక్ష మళ్లీ చేయించుకోవయ్యా!” అని. కొత్తగా ఏదైనా కంటపడినా ఆ పాత కాగితానికి సరిపోయేట్టే చూశాడు. దీప నవ్వితే తప్పు, ఏడిస్తే నటన. కోపం, అవమానం నడిపించిన మనిషికి తర్కం అక్షరం ఎలా ఇస్తాం?

బీఎస్సీలో మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఉండేవి. టైట్రేషన్ ఒక్కసారి చేసి రీడింగ్ రాసుకొస్తే మా మేడమ్ రికార్డు చేతికిచ్చి వెనక్కి పంపేది. కనీసం రెండు రీడింగులు ఒకదానికొకటి కలవాలి. కలవకపోతే బ్యూరెట్ కడిగి మళ్లీ మొదలు. ఒక్క రీడింగును నమ్మకూడదని గుంటూరులో డిగ్రీ చదివే పిల్లలందరికీ తెలిసిన సంగతి డాక్టర్ బాబుకి తెలియలేదే అని నవ్వుకున్నాను. నవ్వుతూనే నా నాలుగు అక్షరాలు గుర్తొచ్చాయి. నేను మాత్రం ఎన్నిసార్లు రాశాను? ఒక్కసారి.

ఆ రోజునుంచి ఈ సిద్ధాంతం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ దాన్ని పుట్టించినవాళ్లంటే గౌరవం పెరిగింది, నమ్మకం మాత్రం తగ్గింది.

ఎందుకు గౌరవం అంటే, ఇది యూనివర్సిటీలో పుట్టింది కాదు. ఇద్దరు గృహిణుల చేతిలో పుట్టింది. తల్లి కాథరిన్ బ్రిగ్స్, కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్. ఇద్దరిలో ఎవరూ సైకాలజీ డిగ్రీ చదవలేదు. కాథరిన్ కూతుర్ని చాలావరకు ఇంట్లోనే చదివించింది, పిల్లల పెంపకం గురించి పత్రికలకి రాసింది. ఇసబెల్ తను చేసుకోబోయే క్లారెన్స్ మైయర్స్‌ని ఇంటికి తీసుకొస్తే, కాబోయే అల్లుడి ఆలోచన తమ ఇంటివాళ్ల ఆలోచనకి ఇంత వేరుగా ఉందేమిటని తల్లికి ఆశ్చర్యం. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఎందుకని వెతకడం అక్కడ మొదలైంది. కొత్త అల్లుడిని అర్థం చేసుకోవడం కోసం ఒక సిద్ధాంతం! మన అమ్మలు ఎన్ని సిద్ధాంతాలు చేసి ఉంటారో, రాసిపెట్టినవాళ్లు లేరంతే.

కార్ల్ యూంగ్ రాసిన ‘సైకలాజికల్ టైప్స్’ జర్మన్‌లో 1921లో వచ్చింది, ఇంగ్లీషులో 1923లో. అది చదివాక కాథరిన్ తన ఆలోచనలు పక్కనపెట్టి యూంగ్ దారి పట్టింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చి, మొగవాళ్లు యుద్ధానికి వెళ్లాక, ఎన్నడూ ఇల్లు దాటని ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో చేరవలసివచ్చింది. ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకునే సాధనం ఉంటే బాగుండునని ఇసబెల్ ప్రశ్నలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. సంఖ్యాశాస్త్రం తనే నేర్చుకుంది. దాదాపు ఇరవై ఏళ్లకి, 1962లో, ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ వాళ్లు దాన్ని ప్రచురించారు. మన పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చిన జీఆర్‌ఈ, టోఫెల్ పెట్టేవాళ్లే. ఆడవాళ్లకి తలుపు తెరవడానికి మొదలుపెట్టిన పని అది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

నమ్మకం ఎందుకు తగ్గిందో ఇప్పుడు చెబుతాను. మొదటిది, అక్షరం గీత గీసినట్టు ఉంటుంది, మనుషులు అలా ఉండరు. ఇ, ఐ ల మీద మార్కులు లెక్కేస్తే ఎక్కువమంది మధ్యలోనే గుంపుగా కనబడతారు. మన పిల్లల క్లాసులో ఎత్తులు కొలిస్తే ఎక్కువమంది మధ్య ఎత్తులో ఉన్నట్టే. ఆ మధ్యలో గీత గీసి ఇటువాళ్లు పొడుగు, అటువాళ్లు పొట్టి అంటే ఎలా ఉంటుంది? గీతకి దగ్గర ఉన్నవాళ్లు రెండోసారి రాస్తే అటు దూకుతారు. ఐదు వారాల తేడాతో మళ్లీ రాస్తే దాదాపు సగం మందికి ఏదో ఒక అక్షరం మారవచ్చని 1993లో డేవిడ్ పిట్టెంజర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ పాత పరిశోధనలన్నీ చూసి రాశాడు. మా మేడమ్ అయితే రికార్డు వెనక్కి పంపేసేది.

రెండోది, వర్ణన చదివితే ‘అచ్చం నేనే’ అని ఎందుకు అనిపిస్తుందో బర్ట్రమ్ ఫోరర్ చూపించాడు. 1948లో ఆయన తన క్లాసులో 39 మంది విద్యార్థులకి ఒక పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి ఇచ్చి, ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులో వాక్యాలు చాలావరకు అంగట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. మన వారఫలాలు, చిలక జోస్యం కూడా ఇంతే కదా. ‘మీరు పైకి నవ్వుతున్నా లోపల ఒక బాధ ఉంది’ అంటే కాదనే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

మూడోదే నాకు అసలైనది. 1968లో వాల్టర్ మిషెల్ ‘పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్’ అనే పుస్తకంలో ఒక ఇబ్బందికరమైన సంగతి ఎత్తిచూపాడు. మనిషి ఒక చోట ఎలా ఉన్నాడో చూసి ఇంకో చోట ఎలా ఉంటాడో చెప్పడం మనం అనుకునేంత సులువు కాదన్నాడు. అలాగని మనిషికి స్వభావమే లేదని కాదు. తర్వాత ఆయనా, యుయిచి షోడా కలిసి చెప్పింది ఏమిటంటే, స్వభావం ‘ఇలా అయితే అలా’ అనే రూపంలో ఉంటుందని. ఫలానావాళ్ల దగ్గర అయితే మౌనం, ఫలానావాళ్ల దగ్గర అయితే మాట. ఆ జతలన్నీ కలిపి చూస్తేనే మనిషి.

ఇది చదవగానే నాకు పసుపు గుర్తొచ్చింది. కొత్తకోడలికి ఎర్రనీళ్లు ఎలా కలుపుతాం? నీళ్లలో పసుపు వేసి, చిటికెడు సున్నం కలుపుతాం. పచ్చని నీళ్లు క్షణంలో ఎర్రబడతాయి. పసుపులో ఉన్న కర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే రంగు మారుస్తుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. మరి పసుపు ఏ రంగు టైపు? పచ్చ అని రాస్తే సగమే నిజం. సున్నం తగిలితే ఎర్రబడే గుణం కూడా పసుపుదే. సున్నం తగలనంతకాలం ఆ గుణం ఎవరికీ కనబడదు, అంతే.

దీప కూడా అంతే. డాక్టర్ బాబు ముందు మౌనం, మోనిత ముందు నిప్పు, తనను అడిగేవాళ్లు లేనిచోట గలగల. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె మౌనం కథకి అవసరం. దీపా, కార్తీక్ ఒక్కరోజు ఎదురెదురుగా కూర్చుని మొత్తం మాట్లాడుకుంటే, ఒక్క డీఎన్‌ఏ పరీక్ష నిజాయితీగా జరిగితే, 1,500 ఎపిసోడ్లు ఎక్కడినుంచి వస్తాయి? రోజూ వచ్చే సీరియల్ నడవాలంటే ఎవరో ఒకరు నోరు మూసుకోవాలి. ఆ ఎవరో ఎప్పుడూ కోడలే. మనం మాత్రం దాన్ని ఆమె ‘ఓర్పు’ అని, స్వభావం అని చూసి మెచ్చుకుంటాం.

అమ్మని ఒకరోజు అడిగాను, “అమ్మా, ఇవన్నీ వదిలెయ్. నీకేమనిపిస్తుంది, దీప ఎలాంటి మనిషి?”

అమ్మ నన్ను వింతగా చూసి, “ఎలాంటి మనిషేమిటే? ఎవరి దగ్గర?” అంది.

అప్పుడు నవ్వేశాను గానీ, తర్వాత చదువుతుంటే ఆ మాటకి పెద్ద విలువే ఉందని తెలిసింది. 1984లో జోన్ మిల్లర్ అనే సైకాలజిస్టు ఒక పరిశోధన ప్రచురించింది. షికాగోలోనూ మైసూరులోనూ పిల్లల్నీ పెద్దల్నీ, మీకు తెలిసినవాళ్లు చేసిన ఒక మంచి పనీ ఒక చెడ్డ పనీ చెప్పి, ఎందుకు చేశారో చెప్పమంది. అమెరికన్ పెద్దవాళ్లు ఎక్కువగా ‘అతను అలాంటి మనిషి’ అన్నారు. మైసూరు పెద్దవాళ్లు ఎక్కువగా ‘అతని పరిస్థితి అది, వాళ్ల మధ్య వరస అది’ అన్నారు. రెండు ఊళ్లలోనూ చిన్నపిల్లల జవాబుల్లో అంత తేడా లేదు. అంటే పెరిగేకొద్దీ నేర్చుకునే చూపు అది. అమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే మైసూరు జవాబు చెప్పింది. నేను ఐదేళ్లలోనే షికాగో చూపు నేర్చేసుకున్నాను.

ఇప్పుడు నా సంగతి. ఇంతసేపు దీప చాటున దాక్కున్నాను.

నేను టెస్ట్ రాసింది 2018 జనవరిలో. పాపకి మూడేళ్లు. నాకు డ్రైవింగ్ రాదు. హెచ్-4 వీసా. మీలో చాలామందికి ఆ రోజులు తెలుసు. మన వీసాలో కొంతమందికి పని చేసుకునే అనుమతి 2015 మే 26 నుంచే మొదలైంది, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. బయట మంచు, మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఎవరూ లేరు. అలాంటి జనవరిలో ‘కొత్తవాళ్లతో మాట్లాడటం మీకు ఇష్టమా’ అని అడిగితే ఏం రాస్తాను? మాట్లాడటానికి మనిషంటూ ఉంటే కదా. ఇష్టం లేదని రాశాను. ఐ వచ్చింది. అది నా స్వభావం రీడింగా, జనవరి రీడింగా?

మావారు మంచివారు. ఆ అక్షరాన్ని ఆయన ప్రేమగానే గుర్తుపెట్టుకున్నారు. ఎవరైనా భోజనాలకి పిలిస్తే “తనకి జనం పడరు, ఇంట్రోవర్ట్” అని నా తరఫున ఆయనే చెప్పేసేవారు. ఆ ఏడాది చివర్లో కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కాగితాలు తెచ్చుకున్నాను. రెండేళ్ల కోర్సు. హెచ్-4 మీద చదువుకోవచ్చు. ఆయన చూసి, “రోజూ కొత్త మనుషులు, గ్రూపు పనులు, హాస్పిటల్లో ప్రాక్టికల్స్. నీ టైపుకి కష్టమేమో ఆలోచించుకో” అన్నారు.

కోపం రావలసింది. రాలేదు. “అవును కదా” అన్నాను. నాకు ఇవాల్టికీ గుచ్చుకునేది ఆయన మాట కాదు, నా ‘అవును కదా’. కాలేజీ రోజుల్లో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో పల్లెటూళ్లో మైకు పట్టుకుని మాట్లాడిన పిల్లని నేను. హాస్టల్లో వార్డెన్‌తో మెస్ గురించి పోట్లాడటానికి అందరూ నన్నే ముందుకి తోసేవాళ్లు. ఒక జనవరి కాగితం ఆ ఏళ్లన్నిటినీ కొట్టేసింది, నేను కొట్టెయ్యనిచ్చాను. డాక్టర్ బాబుని చూసి నవ్వానే, నేను చేసింది ఏమిటి? ఒక్క రిపోర్టు, మళ్లీ పరీక్ష లేదు. ఆ కాగితాలు సొరుగులోకి వెళ్లిపోయాయి.

అమ్మ ఇండియా వెళ్లిపోయాక ఆ టెస్ట్ మళ్లీ రాశాను. అప్పటికి డ్రైవింగ్ వచ్చింది, శనివారాలు తెలుగు బడిలో పదిమంది పిల్లలకి గుణింతాలు చెబుతున్నాను. ఈసారి ఇ వచ్చింది. ఎఫ్ మాత్రం మారలేదు, జె మారలేదు. నేనేమీ కొత్త మనిషినైపోలేదు. సున్నం తగిలిందంతే.

ఆ టెస్ట్ పనికిరాదని నేను అనను. మావారూ నేనూ ఎందుకు ప్రయాణానికి ముందు ప్రతిసారీ పోట్లాడుకుంటామో ఆ జె, పి అక్షరాల వల్లే ఒకరోజు నవ్వుతూ మాట్లాడుకోగలిగాం. ఆయన సూట్‌కేసు ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు సర్దుతారు, నేను వారం ముందు. మాట మొదలుపెట్టడానికి అది మంచి సాధనం. మాట ముగించడానికి వాడితేనే ప్రమాదం. పరిశోధకులు ఎక్కువగా వాడే ‘బిగ్ ఫైవ్’ పద్ధతిలో అక్షరాలు ఉండవు, ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అనే కొలతలే ఉంటాయి. కాస్త నిజానికి దగ్గర అది. దాన్ని కూడా ఒక్కసారి కొలిచి గోడకి తగిలించుకోకండి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. పాపకి పదేళ్లు వచ్చాయి. పోయిన నెల స్కూల్లో టీచరు చాలా మంచిగా చెప్పింది, మీ అమ్మాయి నెమ్మదస్తురాలు, గ్రూపులో వినడమే ఇష్టపడుతుంది, సైన్స్ ఫెయిర్‌లో బోర్డు అలంకరించే పని ఇద్దామనుకుంటున్నాం, నిలబడి వివరించే పని వేరేవాళ్లకి ఇస్తాం అని. ఫోన్లో అమ్మకి చెబితే, “నోట్లో నాలుక లేని పిల్ల, అచ్చం నీలాగే” అంది. ‘ఎవరి దగ్గర’ అని అడిగిన మా అమ్మే! సీరియల్లో కోడలి విషయంలో గుర్తున్నది మనవరాలి విషయంలో మర్చిపోయింది. మన ఇంటి మనిషి దగ్గరికొచ్చేసరికి అందరం అంతే.

ఇంట్లో ఆ పిల్ల నోరు ఆగదు. తమ్ముడికి వరండాలో కుర్చీలు వేసి క్లాసు చెబుతుంది. తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. మరి స్కూల్లో ఎందుకు వింటూ కూర్చుంటోంది? ఆ రాత్రి పక్కన పడుకుని మెల్లగా అడిగాను. తన గ్రూపులో ఒక పిల్ల తను పలికే ఒక మాటని రెండుసార్లు వెక్కిరించిందట. అప్పటినుంచి మాట్లాడటం మానేసిందట. అది స్వభావం కాదు, ఒక గ్రూపు. టీచరుకి ఉత్తరం రాశాను, గ్రూపు మార్చి చూడమని, వివరించే పని ఒకసారి ఇచ్చి చూడమని. సరేనంది. ఫెయిర్ వచ్చే నెల. పాప తడబడవచ్చు, నాకూ భయంగానే ఉంది. తడబడినా అది ఒక రీడింగు మాత్రమే.

కాథరిన్, ఇసబెల్ మొదలుపెట్టింది ఇల్లు దాటే ఆడవాళ్లకి ఏ తలుపు నప్పుతుందో చూపించడానికి అని చెప్పాను కదా. ఆ అక్షరాలు చూసి మనమే తలుపు వేసుకుంటే తప్పు వాళ్లది కాదు. మీకూ ఎవరో ఎప్పుడో ఇచ్చిన అక్షరమో, మాటో ఉండే ఉంటుంది. ‘సర్దుకుపోయే పిల్ల’, ‘లెక్కలు రానిది’, ‘భయస్తురాలు’. ఈ వారం ఒక కాగితం తీసుకుని మూడు చోట్లు రాయండి: అమ్మగారింట్లో, అత్తగారింట్లో, ఇక్కడ మీ స్నేహితుల మధ్య. ఒక్కో చోట మీరు ఎలా ఉంటారో పక్కన రాయండి. మూడూ కలిస్తే, సరే, అది మీ స్వభావమే కావచ్చు. కలవకపోతే బ్యూరెట్ కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

‘కార్తీక దీపం’ 2024 మార్చిలో ‘ఇది నవవసంతం’ అని మళ్లీ మొదలైంది. అదే దీప, అదే డాక్టర్ బాబు నటులు, కథ కొత్తది. అమ్మ అక్కడ చూస్తుంది, నేను ఇక్కడ వంట చేసుకుంటూ వింటాను. అక్షరాలు మాత్రం కట్టడం లేదు.

సొరుగులో కాగితాలు బయటికి తీశాను. అవి పాతవైపోయాయి, కోర్సు ఫారాలు మారాయి. మొన్న ఆదివారం కొత్తవి ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. మావారు చూశారు. ఈసారి టైపు మాట ఎత్తలేదు. “మంగళ, గురువారాలు సాయంత్రం పిల్లల్ని నేను తీసుకొస్తే సరిపోతుందా?” అని అడిగారు.

సరిపోతుందన్నాను.